తెర నిండిన బొమ్మ – తప్పిన కొలత

ఒక ఉన్నత పాఠశాలలో పదవ తరగతి విద్యార్థులకు కాంతి వక్రీభవనాన్ని గురించి పాఠం జరుగుతున్నదనుకోవచ్చు. గోడకు పెద్ద డిజిటల్ తెర ఉన్నది. ఉపాధ్యాయుడు పాత వీడియో పాఠమొకటి వేసినాడు. గాలిలోనుండి గాజులోనికి కాంతికిరణం ప్రవేశిస్తున్నది. పతన కోణం 45 డిగ్రీలనీ, వక్రీభవన కోణం సుమారు 28 డిగ్రీలనీ వీడియోలోని వ్యాఖ్యాత చెబుతున్నాడు. ఒక విద్యార్థి లేచి, తెరమీద కోణమాపకం పెట్టి కొలిచినాడు. పతన కోణం 53 డిగ్రీలు, వక్రీభవన కోణం ముప్ఫైఅయిదున్నర డిగ్రీలు వచ్చినవి. ఆ కొలతలను సూత్రంలో పెట్టి లెక్కగడితే గాజు వక్రీభవన గుణకం 1.5 కు బదులు 1.38 అని తేలినది. నీటి గుణకం 1.33. అనగా తెరమీది గాజు, గాజుకంటే నీటికే దగ్గర చుట్టమైనది!

విద్యార్థి కొలతలో తప్పు లేదు. స్నెల్ సూత్రంలోనూ తప్పు లేదు. పాఠం తయారుచేసినవారు బొమ్మను సరిగానే గీసినారు. తప్పు జరిగినది ఒక్కచోట: 4:3 నిష్పత్తిలో తీసిన బొమ్మను 16:9 నిష్పత్తి గల తెర నిండా సాగదీసినారు. తెర ఖాళీగా ఉండరాదనే ఆశ కొలతను చెడగొట్టినది.

ఈ సాగదీత నేడు ఎంత అలవాటైపోయినదంటే, చాలామందికి అది తప్పుగా కనిపించడమే మానివేసినది. చూసేవారు లావైన ముఖాలకు, గుడ్డులాంటి చంద్రునికి కూడా అలవాటు పడతారు. వినోదంలో దీనివలన కలిగే నష్టం రుచికి సంబంధించినది. బోధనలో కలిగే నష్టం సత్యానికి సంబంధించినది. అందువల్ల ఈ అలవాటును, దానిని సరిదిద్దడానికి వాడుకలో ఉన్న పద్ధతులను కాస్త నిశితంగా పరిశీలించవలసి ఉన్నది.

నిష్పత్తి కథ

బొమ్మ వెడల్పుకూ ఎత్తుకూ గల నిష్పత్తిని ఆకార నిష్పత్తి అనవచ్చు. సాంకేతికులు దీనినే ఆస్పెక్ట్ రేషియో అంటారు. 1890 ప్రాంతాలలో ఎడిసన్ ప్రయోగశాలలో పనిచేసిన డిక్సన్, 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై నాలుగు రంధ్రాల ఎత్తున ఒక్కొక్క బొమ్మను అమర్చినాడు. ఆ బొమ్మ నిష్పత్తి 4:3. చలనచిత్రాలకు మాట వచ్చిన తరువాత ధ్వనిరేఖకు ఫిల్ముపై చోటు ఇవ్వవలసి వచ్చినది. 1932లో అమెరికాలోని చలనచిత్ర అకాడమీ 1.37:1 ను ప్రమాణంగా స్థిరపరచినది. 1957లో వచ్చిన మన మాయాబజార్ ఈ కాలపు చిత్రమే. మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం చేసినది చతురస్రానికి దగ్గరగా ఉండే చట్రం కోసం. టెలివిజన్ కూడా 4:3 నే స్వీకరించినది. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్ గ్రామాలకు తెలుగు కార్యక్రమాలు ప్రసారమైనప్పుడు గ్రామస్థులు చూసినది ఈ 4:3 తెరనే.

ఈలోగా సినిమా మరింత వెడల్పైనది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంరీ క్రెతియాఁ రూపొందించిన ప్రత్యేక కటకం బొమ్మను అడ్డంగా సగానికి నొక్కి ఫిల్ముపై పడవేస్తుంది. ప్రదర్శనశాలలో మరొక కటకం దానిని తిరిగి విప్పుతుంది. 1953లో హాలీవుడ్ చిత్రం ‘ది రోబ్’తో ఈ సినిమాస్కోప్ పద్ధతి ప్రజలలోకి వచ్చినది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974 నాటి అల్లూరి సీతారామరాజు. ఈ చిత్రాల నిష్పత్తి సుమారు 2.35:1.

ఇరుకు బొమ్మలు, వెడల్పు బొమ్మలు రెండూ చూపగల తెర కావలసి వచ్చినప్పుడు 1980 దశకంలో అమెరికా ఇంజనీరు కెర్న్స్ పవర్స్ సూచించిన నిష్పత్తి 16:9. విద్యార్థులు ఇక్కడ ఒక చిన్న చమత్కారాన్ని గమనించవచ్చు. 4/3 ను 4/3 తో గుణిస్తే 16/9. మరల 4/3 తో గుణిస్తే 64/27, అనగా సుమారు 2.37. పాత టెలివిజన్, నేటి తెర, సినిమాస్కోప్ ఈ మూడూ ఇంచుమించు ఒక గుణశ్రేఢిలో ఉన్నవి. 16:9 తెర రెంటి మధ్య ఒక రాజీ. ఏ ఒక్కదానికీ అది పూర్తిగా సరిపోదు. ఎందులోనో ఒకదానిలో కొంత చోటు నల్లగా మిగలడం దాని స్వభావంలోనే ఉన్నది. దీనిని అంగీకరించలేకపోవడమే చిక్కులన్నిటికీ మూలం.

సాగదీత చేసే మోసం

4:3 బొమ్మను 16:9 తెరకు సాగదీస్తే ఎత్తు మారదు, వెడల్పు సరిగ్గా 4/3 రెట్లవుతుంది. వృత్తం దీర్ఘవృత్తమవుతుంది. 45 డిగ్రీల వాలు గల గీత 37 డిగ్రీలకు పడిపోతుంది. ప్రక్షేపకం గరిష్ఠ దూరం చేరడానికి 45 డిగ్రీల కోణంలో విసరవలెనని చెప్పే పాఠంలో, తెరమీద బంతి 37 డిగ్రీల వద్ద బయలుదేరుతుంది. కొనమీద నిలబెట్టిన చతురస్రం రాంబస్ అవుతుంది. దాని లంబకోణాలు 74, 106 డిగ్రీలవుతాయి.

ఈ తప్పులో మరొక ప్రమాదమున్నది. అది కొన్ని పరీక్షలకు దొరకదు. భూమి అడ్డంగా ఉన్న సమబాహు త్రిభుజాన్ని సాగదీస్తే, భూమి వద్ద కోణాలు సుమారు 52.4 డిగ్రీల చొప్పున, శీర్షకోణం 75.2 డిగ్రీలు అవుతాయి. మూడింటి మొత్తం మాత్రం 180 డిగ్రీలే! మొత్తం సరిపోయినది కనుక బొమ్మ సరియైనదేనని విద్యార్థి భ్రమపడతాడు. కాంతి పరావర్తనంలోనూ ఇంతే. అద్దం అడ్డంగా ఉంటే, 30 డిగ్రీల పతన కోణం దాదాపు 38 డిగ్రీలుగా కనిపిస్తుంది. పరావర్తన కోణమూ అంతే పెరుగుతుంది. రెండు కోణాలూ సమానమనే నియమం చెక్కుచెదరదు. అద్దాన్ని ఏటవాలుగా పెట్టిన బొమ్మలోనే మోసం బయటపడుతుంది. వక్రీభవనంలో సైన్ల నిష్పత్తి ఉన్నది కనుక వెంటనే దొరికిపోతుంది. పట్టుబడని తప్పు పట్టుబడే తప్పుకంటె హానికరమని వేరుగా చెప్పనక్కరలేదు.

కొన్ని టెలివిజన్లలో ఇంకొక వింత ఏర్పాటున్నది. మధ్యభాగాన్ని ఇంచుమించు ఉన్నట్లే ఉంచి, అంచులను మాత్రం ఎక్కువగా సాగదీస్తుంది. మధ్యలో నిలబడిన మనిషి బాగానే కనిపిస్తాడు. అతడు పక్కకు నడిస్తే నడిచినకొద్దీ లావవుతాడు. తెరమీద ఒక్కొక్కచోట ఒక్కొక్క స్కేలు ఉన్నదన్నమాట. మామూలు సాగదీతనైతే ఒక గుణకంతో సరిదిద్దుకోవచ్చు. దీనికి ఆ అవకాశం కూడా లేదు. బోధనకు ఇది బొత్తిగా పనికిరాదు.

కత్తిరింపు చేసే నష్టం

సాగదీత నచ్చనివారు కొందరు కత్తిరింపును ఆశ్రయిస్తారు. బొమ్మను రెండు దిక్కులా సమంగా పెంచి, తెరకు మించిన భాగాన్ని పైనా కిందా కోసివేస్తారు. వృత్తం వృత్తంగానే ఉంటుంది. కాని 4:3 బొమ్మలో నాలుగవ వంతు పోతుంది. మాయాబజార్ వంటి చిత్రంలో ఘటోత్కచుని భారీ విగ్రహానికి తలపైన కిరీటం, ముందున్న పళ్ళెం రెండూ ముఖ్యమే. ఛాయాగ్రాహకుడు ఎత్తును లెక్కచూసుకొని నింపిన చట్రంలో నాలుగవ వంతు కోయడమంటే ఆయన పనిని తిరగరాయడమే. వెనుకటి రోజులలో ఈ అన్యాయం తలకిందులుగా జరిగినది. సినిమాస్కోప్ చిత్రాలను 4:3 టెలివిజన్లపై నిండుగా చూపడానికి పక్కలను కోసినప్పుడు నూటికి 43 వంతుల బొమ్మ పోయేది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకొనే దృశ్యంలో ఒకరు మాయమయ్యేవారు.

దీనికి ఇటీవలి ఉదాహరణ అమెరికాలో ఉన్నది. ‘ది సింప్సన్స్’ అనే కార్టూను ధారావాహిక తొలి సంవత్సరాల భాగాలన్నీ 4:3 లో గీసినవి. 2019 నవంబరులో డిస్నీ సంస్థ వాటిని తన కొత్త ప్రసారసేవలో 16:9 కు కత్తిరించి చూపినది. ఒక దృశ్యంలో బీరు కర్మాగారమున్నది. మూడు పేర్లతో మూడు రకాల బీరు తయారవుతున్నట్లు పలకలుంటాయి; పైన చూస్తే మూడింటికీ ఒకే గొట్టంనుండి ధార వస్తుంటుంది. హాస్యమంతా ఆ గొట్టంలోనే ఉన్నది. కత్తిరింపులో గొట్టం పోయినది, మూడు పలకలు మిగిలినవి. చూసినవారికి నవ్వవలసిన కారణమే కనిపించలేదు. ఆక్షేపణలు వచ్చిన తరువాత 2020 మేలో పాత నిష్పత్తిలో చూసే వీలు కల్పించినారు. హాస్యంలో గొట్టం పోతే నవ్వు పోతుంది. రసాయనశాస్త్ర ప్రయోగంలో గొట్టం పోతే పాఠమే పోతుంది.

ఇక్కడ రెండు దోషాలకూ గల ముఖ్య భేదాన్ని గుర్తించవలెను. సాగదీసిన బొమ్మలో ఏదీ పోలేదు, ఆకారం మాత్రం చెడినది. గుణకం తెలిస్తే తిరిగి సరిచేయవచ్చు. కత్తిరించిన బొమ్మలో ఆకారం సరిగా ఉన్నది, విషయం పోయినది. పోయిన భాగాన్ని ఏ కంప్యూటరూ ఉన్నదున్నట్లు తిరిగి తేలేదు. మూలప్రతిని వెదకుకోవడమే దానికి మందు.

చీటీలో తప్పు

ఎవరూ సాగదీయకుండానే కొన్ని వీడియో ఫైళ్లు వంకరగా కనిపిస్తాయి. దీనికి కారణం వేరు. డిజిటల్ బొమ్మ పిక్సెళ్లతో కూడినది. పిక్సెల్ అంటే తప్పక చతురస్రమేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1982లో అంతర్జాతీయంగా కుదిరిన డిజిటల్ టెలివిజన్ ప్రమాణం ప్రకారం ఒక్కొక్క గీతకు 720 నమూనాలు తీసుకుంటారు. మన దేశపు పాత టెలివిజన్ పద్ధతిలో కనిపించే గీతలు 576. డీవీడీలలోనూ ఇవే అంకెలు. 720 ని 576 తో భాగిస్తే 1.25 వస్తుంది. అది 4:3 కాదు, 16:9 కూడా కాదు! అయినా ఒకే 720, 576 కొలతలలో 4:3 చిత్రాన్నీ దాచవచ్చు, 16:9 చిత్రాన్నీ దాచవచ్చు. మొదటి సందర్భంలో ఒక్కొక్క పిక్సెల్‌ను కొంచెం వెడల్పుగా, రెండవ సందర్భంలో చాలా వెడల్పుగా చూపవలెను. సినిమాస్కోప్ కటకం చేసిన పనినే ఇక్కడ అంకెలు చేస్తున్నవి.

ఎంత వెడల్పుగా చూపవలెనో చెప్పేది ఫైలులో రాసి ఉండే ఒక చిన్న సూచన. దీనిని చీటీతో పోల్చవచ్చు. చిక్కేమంటే ఈ చీటీ రెండు చోట్ల ఉండవచ్చు: పెట్టెమీద అంటించినది ఒకటి, లోపలి మూటకు కట్టినది ఒకటి. ఎంపీ4, మట్రోస్కా వంటివి పెట్టెలు. హెచ్ 264 వంటి పద్ధతులలో కుదించిన బొమ్మల ప్రవాహం మూట. రెండు చీటీలూ వేరువేరు మాటలు చెబితే, ఒక యంత్రం పై చీటీని నమ్ముతుంది, మరొకటి లోపలి చీటీని నమ్ముతుంది. ఇంటి కంప్యూటరులో సరిగా కనిపించిన పాఠం బడిలోని తెరమీద వంకరపోవడానికి ఇదొక కారణం. ఫైలు చెడిపోలేదు, చీటీలు కలహించుకొంటున్నవి.

రోగనిదానం

మందు వేసేముందు రోగాన్ని గుర్తించవలెను. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఒక స్కేలు చాలు. వీడియోలో వృత్తాకారంగా ఉండవలసిన వస్తువును ఎదురుగా చూపే దృశ్యం వద్ద ఆపవలెను. గడియారపు ముఖం, పూర్ణచంద్రుడు, పాఠంలో గీసిన వృత్తం ఇందుకు పనికివస్తాయి. ఏటవాలుగా కనిపించే చక్రం పనికిరాదు. తెరమీద దాని వెడల్పును, ఎత్తును కొలిచి భాగించవలెను.

భాగఫలం 1 అయితే ఆకారం సరిగా ఉన్నది. 1.33 అయితే 4:3 బొమ్మను 16:9 కు సాగదీసినారు. 0.75 అయితే 16:9 బొమ్మను 4:3 లోకి నొక్కినారు. అందులో మనుషులు సన్నగా, పొడవుగా ఉంటారు. 0.94 అయితే 4:3 డీవీడీ బొమ్మను చీటీ చూడకుండా చతురస్రపు పిక్సెళ్లుగా చూపుతున్నారు, 0.70 అయితే 16:9 డీవీడీకి అదే గతి పట్టినది. 0.5 అయితే సినిమాస్కోప్ ఫిల్మును విప్పకుండానే ఎక్కించినారు. ఒక్క భాగఫలం ఇంత చెబుతుంది.

నూటికి రెండు వంతుల మేరకు తేడా వస్తే మాత్రం తొందరపడరాదు. పాత ప్రమాణంలోని 720 నమూనాలలో అసలు బొమ్మ ఆక్రమించేది సుమారు 702 నమూనాలే. మిగిలినవి అంచులకు వదలినవి. కొందరు 720 నే 4:3 గా లెక్కిస్తారు, కొందరు ఆ అంచులను మినహాయిస్తారు. ఆ తేడా కంటికి ఆనదు.

చికిత్సల తారతమ్యం

ఇక చికిత్సలు. వి.ఎల్.సి. వంటి ఉచిత ప్లేయర్లలో ‘ఎ’ అనే మీటను నొక్కినకొద్దీ ఆకార నిష్పత్తి మారుతుంది. తరగతిలో అప్పటికప్పుడు గండం గడవడానికి ఇది మంచిది. అయితే ఇది కళ్లద్దాలవంటిది. ఫైలులో ఏమీ మారదు. మరునాడు మరొక ఉపాధ్యాయుడు అదే పాఠం వేస్తే అదే వంకర కనిపిస్తుంది.

రెండవది చీటీని సరిదిద్దడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాధనంలో, బొమ్మను ముట్టుకోకుండా ఉన్నదున్నట్లు నకలు చేయమని చెప్పి, నిష్పత్తిని మాత్రం 4:3 అనో 16:9 అనో రాయించవచ్చు. గంట నిడివి గల పాఠమైనా కొద్ది సేపటిలో పూర్తవుతుంది. బొమ్మ నాణ్యత రవంత కూడా తగ్గదు. ఈ పద్ధతిలో మారేది పెట్టెమీది చీటీ ఒక్కటే. లోపలి చీటీ వేరుగా ఉంటే దానిని కూడా సరిచేయవలెను. అందుకు అదే సాధనంలో వేరే ఏర్పాటున్నది. ఎవరో సాగదీసి 1920, 1080 పిక్సెళ్లలో భద్రపరచిన ఫైలుకు కూడా ఈ మందు పనిచేస్తుంది. నిష్పత్తి 4:3 అని రాస్తే, చీటీని గౌరవించే ప్లేయరు ఆ బొమ్మను 1440 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి చూపుతుంది.

మూడవది బొమ్మనంతటినీ తిరిగి తయారుచేయడం. చాలామంది మొదటగా చేసేది ఇదే. చేయవలసినది చివరగా. వీడియో కుదింపు పద్ధతులలో చాలావరకు ప్రతిసారీ కొంత వివరాన్ని పారవేస్తాయి. నకలుకు నకలు, దానికి మరొక నకలు తీసిన రాతప్రతిలో అక్షరాలు చెదిరినట్లు, తిరిగి తిరిగి తయారుచేసిన వీడియోలో గీతలు మసకబారుతాయి. ఒక ఉపాధ్యాయుడు సాగదీసి, మరొకరు నొక్కి, వేరొకరు కత్తిరించిన పాఠం నాలుగవ బడికి చేరేసరికి థర్మామీటరుపై గీతలు చదవడానికే వీలుండదు. అయినా ఈ పద్ధతి తప్పనిసరి అయ్యే సందర్భమొకటున్నది: చీటీని లక్ష్యపెట్టని యంత్రాలకు ఫైలును ఇవ్వవలసి వచ్చినప్పుడు. అప్పుడు మూలప్రతినుండే, ఒకేసారి, చతురస్రపు పిక్సెళ్లతో తయారుచేయవలెను. పైన చెప్పిన 4:3 డీవీడీ బొమ్మకు 768, 576 అనేవి ఇంచుమించు తగిన కొలతలు. మూలప్రతిని మాత్రం చెరపరాదు.

నల్ల పట్టీల తగవు

తెర నిండవలెననేవారి వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. వెనుక వరుసలోని విద్యార్థికి బొమ్మ పెద్దదిగా కనిపించడం అవసరమే. ఖరీదు పెట్టి కొన్న తెరలో నాలుగవ వంతు నల్లగా ఉంటే ఏదో లోపమున్నదని పెద్దలు అనుకోవడమూ సహజమే. కొన్ని రకాల తెరలపై పట్టీలు దీర్ఘకాలం కదలకుండా ఉంటే మచ్చలు పడతాయనే భయం కూడా ఆధారం లేనిది కాదు.

కాని సాగదీతవలన బొమ్మ ఎత్తు అంగుళం కూడా పెరగదు. వెనుక వరుసవాడికి అక్షరాలు లావుగా కనిపిస్తాయే గాని పెద్దవి కావు. మచ్చల భయం రోజంతా ఒకే కార్యక్రమం నడిచేచోట ఉండవలసినదే. ముప్పావు గంట తరగతికి అది కారణం కాజాలదు. మిగిలినది లోపమున్నదనే అనుమానం. దానికి సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చు. నల్ల పట్టీ లోపం కాదు; పుస్తకంలో పటం చుట్టూ వదలిన అంచువంటిది. పేజీ నిండలేదని ఆంధ్రప్రదేశ్ పటాన్ని అడ్డంగా సాగదీసి అచ్చువేసే పుస్తకాన్ని ఏ ఉపాధ్యాయుడూ ఆమోదించడు. శ్రీకాకుళం నుండి తిరుపతికి దూరమెంతో ఆ పటంమీద కొలిచే విద్యార్థికి వచ్చే జవాబు అందరికీ తెలిసినదే.

ఉపాధ్యాయులకు ఇది అదనపు భారమేమీ కాదు. ఒక పాఠం మొదటిసారి వేసినప్పుడు అందులో ఒక వృత్తం వద్ద ఆపి, ఇద్దరు విద్యార్థులను పిలిచి వెడల్పు, ఎత్తు కొలిపించవచ్చు. భాగఫలం 1 రాకపోతే కారణమేమై ఉంటుందో వారినే చెప్పమనవచ్చు. నిష్పత్తులు, త్రికోణమితి, కాంతి ఈ మూడు పాఠాలూ అక్కడ కలుస్తాయి. చివరకు ఫైలును సరిదిద్ది, దాని పేరు చివర ‘నిష్పత్తి సరిచూడబడినది’ అని రాసి దాచితే తరువాత వచ్చేవారికి ఆ శ్రమ తప్పుతుంది. వక్రీభవన పాఠం వేసిన తరగతిలో కోణమాపకం పట్టుకొని లేచిన విద్యార్థికి, మరుసటిసారి గాజు 1.5 గానే దొరకవలెను.